ఏడేళ్ల డిష్‌వాషర్ సగంలో ఆగిపోతోంది: బోర్డు మార్చాలా, మెషినే మార్చాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డిష్‌వాషర్ కొని ఏడేళ్లయింది. నెల రోజులుగా సగంలో ఆగిపోతోంది. తలుపు తీస్తే అడుగున నాలుగు వేళ్ల లోతు మురికి నీళ్లు. చూడ్డానికొచ్చిన మెకానిక్ పది నిమిషాల్లో "మెయిన్ బోర్డు పోయిందండీ, దానికి పెట్టే డబ్బుకి ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుంది" అనేసి వెళ్లిపోయారు. బాగుచేయించాలా, తీసేయాలా, అసలు ఈ మెషిన్లు ఎన్నేళ్లు వస్తాయి అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పేస్తాను. బోర్డు, అంటే మెషిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, మార్పించకండి, కొత్తదీ కొనకండి. ముందు మురికి నీళ్లని బయటికి తోసే డ్రెయిన్ పంపు, దాని పైపు చూడండి. నీళ్లు నిలిచాయంటే అవి బయటికి పోయే దారిలో ఏదో అడ్డం ఉండే అవకాశమే ఎక్కువ. ఆ దారి చూడకుండా బోర్డు మార్చమనడం, ముక్కు మూసుకుపోయిందని వెళ్తే తల మార్చుకోమన్నట్టుంది.

ఏడేళ్లంటే పెద్ద వయసేం కాదు. నేను ఇరవై ఏళ్లుగా వంటింటి మెషిన్లు బాగుచేస్తున్నాను. రోజుకోసారి నడిచే డిష్‌వాషర్ పది పన్నెండేళ్లు తేలిగ్గా వస్తుంది. పదిహేనేళ్లు దాటి ఇంకా నడుస్తున్నవీ నా చేతిలో ఉన్నాయి, నాలుగేళ్లకే తుక్కుకి పోయినవీ చూశాను. ఈ రెండు రకాలకీ మధ్య తేడా కంపెనీ పేరులో కనిపించింది తక్కువ. నీళ్లలో సున్నం, పైపుల్లో జిడ్డు, కంటికి కనపడని చోట కారే చుక్క, ఈ మూడింటిలోనే ఎక్కువ.

ముందు మీ సమస్య. మెషిన్ నీళ్లు తోడెయ్యమని పంపుకి కరెంటిస్తుంది, కాసేపు చూస్తుంది. మట్టం తగ్గినట్టు సెన్సర్ చెప్పకపోతే ఆగిపోయి కోడ్ చూపిస్తుంది. అంటే ఆ కోడ్‌కి అర్థం "పంపు పోయింది" అని కాదు, "నీళ్లు తగ్గలేదు" అని మాత్రమే. ఎందుకు తగ్గలేదో మనమే వెతుక్కోవాలి. కోడ్ చూడగానే పార్టు ఆర్డర్ చేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

వెతకడానికి చెవి చాలు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని రద్దు చేస్తే మెషిన్ ముందు నీళ్లు తోడడానికి చూస్తుంది. అప్పుడు కింద భాగం దగ్గర చెవి పెట్టండి. గుర్రుమని మూలుగుతూ నీళ్లు కదలకపోతే పంపు రెక్కల్లో ఏదో ఇరుక్కుంది. హాయిగా తిరుగుతున్న చప్పుడొచ్చి నీళ్లు పోకపోతే పైపు మూసుకుపోయింది, లేదా రెక్కల చక్రం ఇరుసు మీద విరిగి ఊరికే తిరుగుతోంది. అసలు ఏ చప్పుడూ లేకపోతేనే వైరు, పంపు కాయిల్, బోర్డు, ఈ వరసలో అనుమానించాలి. మీరు రాసినదాంట్లో "మూలుగుతున్నట్టు ఉంటుంది" అన్న ముక్క ఉంది. బోర్డు కరెంటు పంపకపోతే ఆ మూలుగు ఎక్కడిది?

ఇక చేతిపని. ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. నీళ్లని మగ్గుతో, స్పాంజితో తోడెయ్యండి. కింది ట్రే తీసి, ఫిల్టర్ తిప్పి పైకి లాగండి. కింద చిన్న గుంట ఉంటుంది, మేం దాన్ని సంప్ అంటాం. చాలా మోడళ్లలో ఆ గుంట పక్కన ప్లాస్టిక్ మూత ఒకటి ఉంటుంది. చెంచా కాడతో ఎగదీస్తే ఊడొస్తుంది. దాని వెనకే డ్రెయిన్ పంపు రెక్కలు. కొన్ని మోడళ్లలో స్క్రూ ఉంటుంది, కొన్నిటిలో కిందనుంచే తీయాలి. చేతికి మందంగా ఉన్న రబ్బరు గ్లవ్ తప్పనిసరి. అక్కడ దొరికేవాటిలో ఎక్కువ భాగం గాజు పెంకులే, ఆ బురదలో అవి కంటికి కనపడవు. నా చూపుడు వేలి మీద మచ్చ అలా వచ్చిందే.

ఒక ఇంట్లో ఆ మూత వెనక నాకు దొరికింది పంటిపుల్ల ముక్క. అంతే, చిటికెన వేలి గోరంత. అది రెక్కకీ గోడకీ మధ్య అడ్డంగా పడి, ఒక్కో రోజు చక్రాన్ని ఆపేది, ఒక్కో రోజు పక్కకి జరిగి వదిలేసేది. వాళ్లు మూడు వారాలుగా "ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఆగిపోతుంది" అంటూ దాన్ని ఎలక్ట్రానిక్ జబ్బు అనుకున్నారు. సీసాల మీద కాగితపు లేబుళ్లు కూడా అంతే. ఊడొచ్చి గుజ్జులా మారి రెక్కలకి చుట్టుకుంటాయి.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రెక్కల్ని వేలితో తిప్పితే నున్నగా తిరగవు, ఆగి ఆగి గెంతుతున్నట్టు తిరుగుతాయి. లోపల అయస్కాంతం ఉండటం వల్ల అలా ఉంటుంది. అది మంచి పంపు లక్షణం, పాడైనదనుకోకండి. గెంతకుండా జారుతూ తిరిగితేనో, అసలు కదలకపోతేనో అనుమానించండి.

పంపు బాగుంటే పైపు. సింక్ కింద డ్రెయిన్ పైపు కలిసే చోట ఊడదీసి, చివర బకెట్‌లో పెట్టి, మళ్లీ ప్లగ్ పెట్టి తోడించండి. పైపుని మరీ కిందికి దించకండి, సింక్ అడుగు ఎత్తులోనే పట్టుకోండి. కిందికి దించితే నీళ్లు వాటంతటవే జారిపోయి పరీక్ష తప్పుతుంది. ధార గట్టిగా వస్తే మెషిన్‌లో తప్పులేదు, గోడ వైపు గొట్టంలోనో ఆ కలిపిన మూతిలోనో జిడ్డు గడ్డకట్టింది. ధార సన్నగా వస్తే మెషిన్ వెనక పైపు నలిగిందేమో చూడాలి. శుభ్రం చేయడానికి మెషిన్‌ని బయటికి లాగి మళ్లీ లోపలికి తోసినప్పుడు వెనక పైపు మడత పడటం నేను ఎన్నిసార్లు చూశానో.

మీ అసలు ప్రశ్నకి జవాబు దాదాపు ఇక్కడితో అయిపోయింది. కానీ ఎన్నేళ్లు వస్తాయి అని కూడా అడిగారు కాబట్టి, ఈ మెషిన్లు నిజంగా ఎందుకు చస్తాయో చెప్పాలి.

ఒకటి, లీకు. నా లెక్కలో డిష్‌వాషర్‌కి అసలు శత్రువు ఇదే. మెషిన్ అడుగున ఒక పళ్లెం లాంటి భాగం ఉంటుంది. చాలావాటిలో అందులో థర్మోకోల్ ముక్క ఒకటి తేలడానికి సిద్ధంగా ఉంటుంది. పళ్లెంలోకి నీళ్లు చేరితే ఆ ముక్క పైకి లేచి స్విచ్ నొక్కుతుంది. మెషిన్ నీళ్లు రావడం ఆపేసి, తోడే పంపుని ఆగకుండా తిప్పుతూ కూర్చుంటుంది. దీనికి వీడియోల్లో ఒక చిట్కా తిరుగుతుంటుంది: మెషిన్‌ని వెనక్కి వంచి ఆ నీళ్లు ఒంపేస్తే మళ్లీ నడుస్తుందని. నడుస్తుంది, నిజమే. కానీ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసుకోకుండా ఒంపేస్తే, అలారం మోగుతుంటే బ్యాటరీ పీకేసినట్టే. కారడం ఆగదు. మోటారు బేరింగుకి, వైర్ల మూతులకి తడి తగిలి, ఏడాదికో రెండేళ్లకో పెద్ద ఖర్చుగా తేలుతుంది.

లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి నేను చేసేది మొరటు పని. పక్క రేకు విప్పి, ముందు టార్చి వేసి చూస్తాను. నీళ్లు ఆరిపోతాయి గానీ అందులోని సున్నం ఆరదు; కారిన దారి వెంట తెల్లటి గీత మిగిలిపోతుంది. ఆ గీతని వేలితో పట్టుకుని పైకి వెళ్తే మొదలు దొరుకుతుంది. గీత కనపడకపోతే అంతా తుడిచి, ప్రతి జాయింటు కిందా టిష్యూ కాగితం ముక్క పెట్టి, మెషిన్ నడిపి, ఏ ముక్క తడిసిందో చూస్తాను. తలుపు కింది రబ్బరు, సంప్ చుట్టూ ఉండే సీలు, నీళ్లు చిమ్మే పంపు ఇరుసు దగ్గరి సీలు, క్లిప్పు వదులైన గొట్టం, వీటిలోనే ఏదో ఒకటి అయి ఉంటుంది. గిన్నెల మీదికి నీళ్లు చిమ్ముతూ తిరిగే స్ప్రే ఆర్మ్ పగిలి నీటి ధార తలుపు అంచుకి కొట్టడం ఇంకో కారణం; అప్పుడు రబ్బరు మంచిదే అయినా కారుతుంది, రబ్బరు మారుస్తూ పోతే లాభం ఉండదు.

లీకు కాని లీకు ఒకటుంది, అది నురగ. డిష్‌వాషర్ పౌడరు అయిపోయిందని ఒకరు చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు పోశారు. ఆ నురగ తలుపు సందుల్లోంచి పొంగి, పళ్లెంలో దిగి, నీరై, స్విచ్ నొక్కింది. పంపులోకి గాలి నురగ వెళ్లి చిమ్మడం కూడా ఆగింది. "మెషిన్ పేలిపోతుందేమో" అని ఫోన్ చేశారు. చల్లటి నీళ్లతో కడుగుడు నాలుగైదుసార్లు తిప్పి, పళ్లెం తుడిస్తే సరిపోయింది. పార్టు ఒక్కటీ మార్చలేదు.

రెండు, సున్నం. నీళ్లలో సున్నం ఎక్కువగా ఉన్నచోట మెషిన్ ఆయుష్షు ఆ చిన్న సాల్ట్ డబ్బా మీదే ఆధారపడి ఉంటుంది. సాఫ్ట్‌నర్ (నీళ్లలో సున్నం తగ్గించే భాగం) ఉన్న మోడళ్లలో అడుగున రెజిన్ గుళికలుంటాయి. అవి నీటిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. అవి నిండిపోయాక ఉప్పునీరు వాటిని కడిగి మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. ఉప్పు అయిపోతే ఈ పని ఆగి, సున్నం నేరుగా హీటర్ మీదికి పోతుంది. వంటింటి మెత్తటి ఉప్పు వేయకండి. అది గడ్డకడుతుంది, గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు రెజిన్‌కి మంచివి కావు. పెద్ద పలుకుల డిష్‌వాషర్ సాల్టే వేయాలి. వేసిన వెంటనే ఒక వాష్ తిప్పండి, ఎందుకంటే పోసేటప్పుడు పొంగి అడుగున పడ్డ ఉప్పునీరు అక్కడే ఉండిపోతే స్టీలుని కూడా తినేస్తుంది. పొరపాటున ఆ డబ్బాలో పౌడరు పోస్తే మాత్రం సాఫ్ట్‌నర్ మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. పోసింది తెలిసిన క్షణమే ఆపి, నడపకుండా ఎవరినైనా పిలవండి.

సాల్ట్ వేస్తే చాలదు, మీ నీటి కాఠిన్యానికి తగ్గట్టు సెట్టింగ్ కూడా పెట్టాలి. ఈ సెట్టింగ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వదిలేసిన ఇళ్లు ఎక్కువ. కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకి 180 మిల్లీగ్రాములు దాటితే చాలా కఠినమైన నీళ్లు అంటారు. కొన్ని మెషిన్ల పుస్తకాల్లో జర్మన్ డిగ్రీలు ఉంటాయి. ఒక డిగ్రీ అంటే లీటరుకి సుమారు 17.8 మిల్లీగ్రాములు.

గాజు గ్లాసులు మసకబారాయని చాలామంది అంటుంటారు. సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి తుడవండి. మసక పోతే అది సున్నం, సాల్ట్ పెంచండి. పోకపోతే గాజే అరిగింది. మరీ మెత్తటి నీళ్లు, ఎక్కువ పౌడరు, ఎక్కువ వేడి వల్ల అలా అవుతుంది. దానికి సాల్ట్ పెంచితే ఇంకా పాడు చేసుకున్నట్టే.

మూడు, జిడ్డు. కరెంటు ఆదా అని ఎప్పుడూ తక్కువ వేడితో నడిచే ఎకో ప్రోగ్రామ్ మీదే నడిపే ఇళ్లలో సంప్ గోడలకి, గొట్టాలకి మైనం లాంటి పొర కడుతుంది. ఎకో చెడ్డదని నేననను, నేనూ అదే వాడతాను. కానీ నెలకి ఒకసారైనా 65, 70 డిగ్రీల ప్రోగ్రామ్ ఒకటి తిప్పండి. ఫిల్టర్ వారానికోసారి కుళాయి కింద పాత టూత్‌బ్రష్‌తో కడగండి. స్ప్రే ఆర్మ్ రంధ్రాల్లో గింజలు ఇరుక్కుంటే సూదితో తీయండి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, చేయడమే.

నాలుగు, హీటరుతో కలిసిన పంపు. పాత మెషిన్లలో హీటర్ విడిగా ఉండేది, పోతే అదొక్కటే మార్చేవాళ్లం. ఈ మధ్య వచ్చేవాటిలో చాలావరకు నీళ్లు చిమ్మే పంపు ఒంట్లోనే హీటర్ ఉంటుంది. ఒకటి పోతే రెండూ మార్చాలి. మీరు నిజంగా "కొత్తది కొనాలా" అని ఆలోచించాల్సిన చోటు ఇది. లక్షణాలు తెలుసుకోండి: గిన్నెలు చల్లగా, తడిగా బయటికి రావడం, పౌడరు కరగకుండా మిగలడం. లేదా మొదట్లో బాగానే నడిచి, నీళ్లు వేడెక్కాల్సిన సమయానికి ఎర్త్ లీకేజీ బ్రేకర్ పడిపోవడం. మల్టీమీటర్ ఉన్నవాళ్లకి ఒక లెక్క: 230 వోల్టుల మీద 2000 వాట్ల హీటర్ అయితే సుమారు 26 ఓంలు చూపించాలి. అనంతం చూపిస్తే లోపల తెగింది. అయితే హీటర్ ఇరవై ఆరే చూపించి, వేడెక్కని మెషిన్లూ ఉంటాయి. అప్పుడు బోర్డు మీద హీటర్‌కి కరెంటిచ్చే రిలే కాళ్ల దగ్గర సోల్డరింగు నల్లబడిందేమో చూడాలి. ఆ రిలే మార్చి మళ్లీ సోల్డర్ చేస్తే చాలా బోర్డులు బతుకుతాయి. మొత్తం బోర్డు కొనాల్సిన పనిలేదు.

బోర్డు మాట వచ్చింది కాబట్టి నాకు బాగా గుర్తున్న కేసు ఒకటి చెబుతాను. తొమ్మిదేళ్ల మెషిన్. నాకంటే ముందు ఇద్దరు వచ్చారు, ఇద్దరూ బోర్డు మార్చారు. రెండుసార్లూ వారం బాగా నడిచి మళ్లీ సగంలో లైట్లన్నీ ఆరిపోయాయి. నేనూ మొదటి రోజు గంటసేపు కొలతలు తీసి ఏమీ దొరక్క తిరిగొచ్చాను. రెండోసారి వెళ్లినప్పుడు ఆ ఇంటావిడ మాటల్లో అన్నారు, "తలుపు సగం తెరిచినప్పుడు ఒక్క క్షణం లైట్లు వెలుగుతాయండీ" అని. అంతే, దొరికింది. బోర్డు నుంచి తలుపులోని బటన్లకి వెళ్లే వైర్ల కట్ట తలుపు కీలు దగ్గర మడుగుతుంది. రోజుకి రెండుసార్లు తెరిచినా తొమ్మిదేళ్లలో ఆరున్నర వేలసార్లు మడిగింది. పైన రబ్బరు తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి తీగ తెగింది. చేత్తో నొక్కి చూస్తే ఒకచోట వైరు మెత్తగా, దారంలా తగిలింది. జానెడు వైరు కొంచెం వదులుగా ఉండేట్టు అతికి, తొడుగు వేసి వచ్చాను. రెండు బోర్డుల డబ్బు ఎవరు తిరిగిస్తారు? మళ్లీ మళ్లీ వచ్చిపోయే జబ్బు అయితే తలుపు కోణాన్ని బట్టి మారుతుందేమో మొదట చూడటం అప్పట్నుంచి నాకు అలవాటైంది.

ఇక ఎప్పుడు వదిలేయాలి? రిపేరు ఖర్చు కొత్తదాని సగం ఖరీదు దాటితే పారేయమనే సూత్రం అందరూ చెబుతారు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోను. ఏ పార్టు పోయింది, మిగతా ఒళ్లు ఎలా ఉంది అని చూస్తాను. లోపలి స్టీలు టబ్బులో తుప్పు రంధ్రం పడితే వదిలేయమంటాను, అతుకులు నిలవవు. తొమ్మిది పదేళ్లు దాటి, హీటరున్న పంపు పోయి, అడుగు పళ్లెంలో పాత తడి మరకలు కూడా ఉంటే వదిలేయమంటాను. అదే వయసులో పంపు ఒక్కటే పోయి మిగతాదంతా పొడిగా శుభ్రంగా ఉంటే బాగుచేయమంటాను, కొందరు నాతో ఒప్పుకోరు. డ్రెయిన్ పంపు, నీళ్లు లోపలికొచ్చే వాల్వు, తలుపు రబ్బరు, తలుపు స్ప్రింగుల తాళ్లు, ట్రే చక్రాలు, ఇవి ఏ వయసులో పోయినా మార్చుకోవాల్సినవే. తలుపు దబ్బున కింద పడుతోందంటే మెషిన్ ముసలిదైందని కాదు, తాడు తెగిందని.

పార్టులు దొరకడం మాత్రం అన్నిటికంటే ముఖ్యం. యూరోపియన్ యూనియన్ 2021 మార్చి నుంచి అమలు చేస్తున్న నియమం ప్రకారం, అక్కడ అమ్మే డిష్‌వాషర్లకి మోడల్ ఆపేశాక కూడా పంపులు, హీటర్లు, బోర్డుల్లాంటివి మెకానిక్‌లకి కనీసం ఏడేళ్లు, రబ్బర్లు, స్ప్రే ఆర్ములు, ఫిల్టర్లు, ట్రేలు మామూలు వాడకందార్లకి కూడా కనీసం పదేళ్లు దొరకాలి. మీరెక్కడున్నా, రేపు కొత్తది కొనేటప్పుడు దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ మోడల్‌కి పంపు, తలుపు రబ్బరు విడిగా అమ్ముతారా, ఎన్నేళ్లు? ఫోన్‌లో యాప్ ఉందా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

మీ మెషిన్ విషయానికి మళ్లీ వస్తాను. మూత వెనక శుభ్రం చేసి, పైపు బకెట్ పరీక్ష కూడా చేశాక ఇంకా నీళ్లు పోకపోతే, అదే మెకానిక్‌ని పిలవండి, తప్పులేదు. కానీ ఒక్కటి అడగండి. మెషిన్ నీళ్లు తోడటానికి ప్రయత్నిస్తున్నప్పుడు డ్రెయిన్ పంపు వైర్ల మూతి దగ్గర మీటర్ పెట్టి చూపించమనండి. మీరు చేతులు పెట్టకండి, అక్కడ కరెంటు ఉంటుంది. మీటర్ వోల్టేజీ చూపించి నీళ్లు పోకపోతే పంపు మార్చాలి. ఏమీ చూపించకపోతే బోర్డు నుంచి పంపు దాకా వైరు బాగుందో లేదో చూసి, అప్పుడు బోర్డు పేరెత్తమనండి.